సగం మొహం ఫొటో

ఆ స్టూడియోలో పదకొండేళ్లుగా ఫొటోలు తీస్తున్నది చిన్నకోడలు. బోర్డు మీద పేరు మాత్రం బావగారిది. ఆమె భర్త డార్క్‌రూమ్‌లో ప్రింట్లు కడుగుతాడు. అన్నగారి ముందు నోరు విప్పడు.

బావగారిది ఒకటే పట్టు: రెండు చెంపల మీదా వెలుతురు సమానంగా పడాలి. అందుకే అక్కడ ఫొటో దిగినవాళ్లంతా ఒక తల్లి పిల్లల్లా ఉంటారు.

ఒక ఆదివారం ఉదయం గ్రంథాలయం హాల్లో పాత హాలీవుడ్ సినిమా వేస్తే ఆమె వెళ్లింది. మొదటి సన్నివేశానికే కళ్లు అతుక్కుపోయాయి. ఖాళీ ఆఫీసు. కిటికీకి వేలాడే అడ్డరేకుల సందుల్లోంచి వెలుతురు నేల మీద చారలుగా పడుతోంది. ఎవరో నడిచొస్తున్నారు. ముందు బూట్లు కనిపించాయి, తర్వాత చెయ్యి. అగ్గిపుల్ల గీస్తే సగం మొహం. మిగతా సగం కోసం హాలంతా ఊపిరి బిగబట్టింది.

"ఒక్కటే లైటు! ఎడమ పక్క, ఎత్తులో!" అని పైకే అనేసింది. ఆ తర్వాతి కథ ఆమె బుర్రకెక్కనే లేదు.

మర్నాడు బడి గోడకు పెట్టే ఫొటో కోసం హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. చిన్నకోడలు ఒక లైటు ఆర్పేసి తీసింది. ప్రింటులో ఆవిడ పెదవి పక్క ముడత, కంటి మెరుపు, ముప్పై ఏళ్ల ఉద్యోగం తెచ్చిన దర్జా అన్నీ పడ్డాయి.

"నా రెండో కన్నేదమ్మా?" అంది హెడ్‌మిస్ట్రెస్.

బావగారు ఫొటో లాక్కున్నారు. "మతి ఉండే తీశావా? మనిషిని సగం మింగేశావు!"

"మింగలేదు బావగారూ. చూసేవాళ్లకి కాస్త వదిలిపెట్టాను."

"నీ సినిమా పిచ్చి నా కొట్లో కుదరదు." ఆవిడ ఎదుటే ఫొటోను నాలుగు ముక్కలు చేశారు.

చిన్నకోడలికి ఒళ్లు మండిపోయింది. "మీకు లైటు వెయ్యడమే వచ్చు. ఆర్పడం ఈ జన్మకి రాదు!"

డార్క్‌రూమ్ గుమ్మంలో నిలబడ్డ భర్త వైపు చూసింది. అతను తల దించుకుని లోపలికి వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండా ఆమె ఆ కొట్టుకి ఎదురుగానే చిన్న గది తీసుకుని సొంత స్టూడియో పెట్టింది. నాటకాలవాళ్లు నలుగురైదుగురు తప్ప ఎవరూ రాలేదు. బావగారు తన కొట్టు ముందు కొత్త బోర్డు కట్టించారు: ‘ఇచ్చట మొహం పూర్తిగా వచ్చును.’ వీధి వీధంతా నవ్వింది. ఇంట్లో పొయ్యిలు రెండయ్యాయి.

ఒక మధ్యాహ్నం భర్త వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "నాకూ ఒకటి తియ్యి. అలాంటిదే."

"అక్కడ మానేసి వచ్చారా?"

"అన్నయ్య కదా... ఎలా మానను?"

"అయితే లేవండి. బేరాలొచ్చే వేళ."

అతను లేచాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. ఆమె పిలవలేదు.