నసీమా మేడం పోలెండు కవి

నిన్న పెనుబల్లి దగ్గర వానకు మా బస్సు ఆగింది. పక్కనే జామాయిల్ కర్రల లారీ. తడిసిన బెరడు వాసన ముక్కుకు తగలగానే నసీమా మేడం గుర్తొచ్చారు. ఆమెతో పాటు, నేనెన్నడూ చూడని ఒక పోలెండు కవి కూడా గుర్తొచ్చాడు. నేను పుట్టకముందే పోయిన ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ అసూయే.

భద్రాచలం దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో ఆమె ఇంగ్లీషు చెప్పేవారు, నేను తెలుగు. సోమవారాలు ఖమ్మం నుంచి ఒకే బస్సులో, ఆ కర్రల లారీల వెనకే వెళ్ళేవాళ్ళం. నా కవితలకు మొదటి పాఠకురాలు ఆమే. "బాగుంది శ్రీనివాస్" అని కాగితం మడిచి ఇచ్చేసేవారు. అంతే. ఆ పోలెండు కవి పుస్తకం పాత పుస్తకాల అంగట్లో దొరికాక మాత్రం, ఇంగ్లీషు నుంచి అతని ఒక్కో మాటను తెలుగులోకి తేవడానికి వారాలు పట్టేది ఆమెకు. బస్సులో అతని గురించే మాటలు.

"ముప్పై ఏండ్లు కూడా బతకలే పాపం. కర్రల మిల్లుల కూలి. ఓనరు సన్మానానికి కవిత చదవమన్నరంట. ఈయన స్టేజీ ఎక్కి, ఆ మిల్లుల వేళ్ళు తెగినోళ్ళ పేర్లు చదివి దిగిండు."

"తర్వాత?"

"పనిల నుంచి తీసేసిన్రు. ఎవరూ అచ్చెయ్యలే. ఊపిరితిత్తులు చెడి పోయిండు. పుస్తకం ఆయన పోయినంక వచ్చింది."

అతని మాటలు చెప్పేటప్పుడు ఆమె ముఖంలో వచ్చే వెలుగు నా కవితలు చదివేటప్పుడు ఒక్కనాడూ చూడలేదు. ఉండబట్టలేక ఒకరోజు నా కవితలన్నీ ఇచ్చి ముందుమాట రాయమన్నాను. వారం తర్వాత తిరిగిచ్చారు.

"బాగున్నయి. కానీ వీటి మీద ఎవరికీ కోపం రాదు గదా."

ఆ మాట చాలా రోజులు నన్ను తొలిచింది.

ఆ ఏడు కాలేజీ వార్షికోత్సవంలో నేను గోదావరి మీద కవిత చదివాను. చప్పట్లు బాగానే పడ్డాయి. తర్వాత మేడం తన అనువాదం చదివారు. మిల్లు, రంపం, తెగిన వేళ్ళు. వెనక వరసలో ఒక కోయ అమ్మాయి లేచింది.

"మేడం, ఈయనది ఏ ఊరు? మా నాయిన చెయ్యి ఎప్పుడు చూసిండు?"

ముఖ్య అతిథి కట్టె కోత మిల్లు యజమాని. దండ కుర్చీలోనే వదిలి వెళ్ళిపోయాడు.

మర్నాడు ప్రిన్సిపాల్ మా ఇద్దరినీ పిలిచాడు. "అది పరాయి దేశపు కవిత, ఇక్కడివాళ్ళకు సంబంధం లేదని ఒక్క మాట చెప్పండి మేడం, ఇంతటితో పోతుంది" అన్నాడు.

"రాసింది ఆయనే సార్. ఇక్కడ చదివింది మాత్రం నేను. ఎందుకు చదివిన్నో నాకు ఎరుకే."

నెలాఖరుకు ఆమెను తీసేశారు. చివరిసారి బస్సులో నా కడుపుమంట బయటపడింది. "సచ్చిపోయినోని కోసం నౌకరీ పోగొట్టుకుంటిరి. నా కవిత కోసమైతే గిట్ల నిలబడుదురా మేడం?"

ఆమె కోప్పడలేదు. "అసొంటిది రాయి. నిలబడుత."

తర్వాత ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో ట్యూషన్లు చెప్పుకుంటూ ఆమె ఆ పుస్తకం అనువాదం పూర్తిచేశారు. అలాంటిది రాయడానికి నాకు ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. హాస్టల్ పిల్లల తిండి మీద నేను రాసిన కవిత వెనక్కి తీసుకోమని కొత్త ప్రిన్సిపాల్ అన్నప్పుడు, తీసుకోనన్నాను. ఆమెకు చెప్పాలనిపించింది. కానీ అప్పటికే ఆమె క్యాన్సర్‌తో పోయారు.

ఖమ్మంలో ఆమె తమ్ముడి టైలరింగ్ దుకాణానికి వెళ్ళి కవిత చదివాను. కత్తెర పక్కన పెట్టి విన్నాడు.

"అక్క విన్నదా భాయ్ ఇది?"

"లేదు."

ఇప్పటికీ ఏది రాసినా ముందుగా ఆమెకే వినిపిస్తున్నట్టు పైకి చదువుకుంటాను. ఆమె వింటూనే ఉంటారు. ఆ పోలెండాయన కూడా ఆమె పక్కనే ఉంటాడు. కొంచెం జరగమన్నా జరగడు.