మనవాడి డీజిల్

“ఆ పిల్ల ఫిల్టర్ తీసేసింది, అందుకే ఇంజన్ ఆగిపోయింది” అని కెనడాలో మా విండ్సర్‌లో, తలా ఒక వంట తెచ్చుకునే ఏ పాట్‌లక్‌కి వెళ్ళినా చెప్తారు. చెప్పేవాళ్ళలో సగం మంది ఆ పడవ మొహం చూసినవాళ్ళు కాదు. నేను ఆ పడవలోనే ఉన్నాను. ఫిల్టర్ తీసింది ఆ పిల్లే, కాదనను. తీయమన్నదెవరో మాత్రం ఒక్కరూ చెప్పరు.

పడవ మా ఊళ్ళో రిటైరైన ఒక డాక్టరు గారిది. చలికాలం దాన్ని కరేబియన్ దీవుల్లో తిప్పుతుంటారు. ఆ ఏడు మా ఆయన్నీ నన్నూ రమ్మన్నారు. వంటకీ పైపనికీ మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే అమ్మాయిని తీసుకురమ్మన్నారు. ఇండియా నుంచి మన పిల్లలు విమానాలకి విమానాలు నిండి కాలేజీలకి దిగుతున్న రోజులవి. అద్దెలు పెరిగినా, బస్సులో సీటు దొరక్కపోయినా వాళ్ళనే తిట్టుకునేవాళ్ళం. ఈ అమ్మాయికి చదువైపోయింది, వర్క్ పర్మిట్ అయిపోవస్తోంది. కిచెనర్ అనే ఊళ్ళో తన అల్లుడి కంపెనీలో ఉద్యోగం ఇప్పిస్తానని డాక్టరు గారు మాటిచ్చారు. అది వస్తే కెనడా, రాకపోతే తిరుగు విమానం. అందుకని వచ్చింది, సముద్రం చూడ్డానికి కాదు.

ఆ దీవుల్లో మంచి డీజిల్ దొరకడం మంచి సంబంధం దొరకడం లాంటిది. అందరూ బాగుందనే చెప్తారు, లోపలేముందో తర్వాత తెలుస్తుంది. డ్రముల్లో నెలల తరబడి నిలవుంటుంది. వాన నీళ్ళు దిగుతాయి, ఆ వేడికి అడుగున నాచులాంటి జిగురు పడుతుంది. రేవులో సరైన పంపు ఉంది గానీ సరుకు ఓడ వచ్చేదాకా ఆగమన్నారు. డాక్టరు గారికి ఆగే ఓపిక లేదు. వీధి చివర కొట్టు, కొట్టు వెనక డ్రములు. కొట్టాయన తెలుగువాడు.

“ఏ జిల్లా అండీ మీది?” అన్నారు డాక్టరు గారు.

“గుంటూరండి.”

“మాదీ గుంటూరే. గుంటూరులో ఎక్కడ?”

జిల్లా అయింది, మండలం అయింది, ఎవరి తాలూకానో అయింది. టీ వచ్చింది. డీజిల్ గురించి మాత్రం ఒక్క ప్రశ్న లేదు.

“గాజు సీసాలో కొంచెం పట్టి కాసేపు కదపకుండా పెడదామండీ,” అన్నాను. “నీళ్ళుంటే అడుక్కి దిగుతాయి. రేషన్ కిరసనాయిలు అలాగే చూసుకునేవాళ్ళం.”

“ఇది మీ వంటింటి స్టౌ కాదమ్మా,” అన్నారు డాక్టరు గారు. కొట్టాయన నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు సంగతి ఇంటికెళ్ళాక చూసుకున్నాను.

టాంకులో పోస్తున్నప్పుడు గరాటు పట్టుకుంది ఆ పిల్ల. గరాటులో నీళ్ళనీ చెత్తనీ ఆపే ఫిల్టర్ ఉంటుంది, దాంతో ధార సన్నగా దిగుతుంది.

“ఎంతసేపు? ఆ ఫిల్టర్ తీసెయ్. మనవాడి డీజిలేగా,” అన్నారు డాక్టరు గారు.

“ఉంచుదాం అంకుల్.”

“నువ్వు నాకు చెప్తావా?”

తీసేసింది.

మర్నాడు రాళ్ళ మధ్య సన్నటి దారిలో పోతుంటే ఇంజన్ దగ్గి దగ్గి ఆగిపోయింది. తెరచాప ఎత్తేలోపే గాలి మమ్మల్ని రాళ్ళ మీదకి నెట్టింది. జాలరులెవరో తాడేసి లాక్కొచ్చారు. రేవులో టాంకు అడుగు నుంచి తోడితే సగం నీళ్ళే. తోడిందీ, ఆ జిగురంతా గీకి కడిగిందీ ఆ పిల్లే. డాక్టరు గారు పైన కుర్చీలో కూర్చుని, “ఫీజు కట్టి డిగ్రీ కొనుక్కునే బ్యాచ్. చెప్పిన పని కూడా చేతకాదు,” అన్నారు.

“చెప్పిన పనే చేసింది,” అన్నాను నేను.

“మీరు మధ్యలో రాకండి ఆంటీ, ప్లీజ్,” అంది ఆ పిల్ల తలెత్తకుండా. ఉద్యోగం ఇంకా ఆయన చేతిలోనే ఉంది మరి.

విండ్సర్ వచ్చాక ఆ ఉద్యోగమూ లేదన్నారు. బాధ్యత తెలియనివాళ్ళని రికమెండ్ చేయలేరట. పర్మిట్ అయిపోయింది. ఎయిర్‌పోర్టులో నేనే దింపాను. వెళ్ళొస్తానని కూడా అనలేదు. అనాల్సిన పనీ లేదు.

తర్వాత ఒక పాట్‌లక్‌లో ఆయన మళ్ళీ అదే కథ ఎత్తుకుంటే అందరి ముందూ అడ్డం పడ్డాను. ఆయన పులిహోర తింటూ చల్లగా అడిగారు, “మీరూ అక్కడే ఉన్నారుగా. ఫిల్టర్ తీసిందెవరమ్మా?”

“ఆ అమ్మాయే, కానీ...”

“విన్నారుగా,” అని అందరివైపూ తిరిగారు. ఆ ‘కానీ’ తర్వాతి మాటలు నవ్వుల్లో కొట్టుకుపోయాయి. ఇప్పుడు ఆయన కథకి నేనే సాక్షిని.

కథ మీ ఇష్టమొచ్చినట్టే చెప్పుకోండి డాక్టరు గారూ. నాకొక్కటే కావాలి. ఆ పిల్లకి ఉద్యోగం ఇప్పించకూడదని ఇంజన్ ఆగాక అనుకున్నారా, పడవెక్కించకముందే అనుకున్నారా?