మీటరాయన పిల్లి దాహం

ఇరవయ్యారేళ్ళుగా ఆయన పని ఒక్కటే. వీధి వెంట నడవటం, ఇళ్ళ ముందు ఇనుప మూతల్ని కొక్కెంతో పైకి లేపటం, లోపల బురద పట్టిన గాజును గుడ్డతో తుడిచి నల్ల అంకెలు రాసుకోవటం. ఎర్ర అంకెలు రాయక్కర్లేదు. నీళ్ళ శాఖ ఆయనకిచ్చిన ఉద్యోగం పేరు చాంతాడంత ఉంటుంది. వీధుల్లో మాత్రం ఆయన మీటరాయనే. ఆయన్ని చూస్తే కుక్కలు మొరగటం కూడా మానేశాయి.

మీటరు ఎక్కువ తిరిగిన ఇంటిని ఆయన పెద్దగా పట్టించుకోడు. తక్కువ తిరిగిన ఇంటి ముందే ఆగుతాడు. "ఇంట్లో ఆరుగురున్నారు, అంకెల్లో ఇద్దరి నీళ్ళే కనబడుతున్నాయి. మిగతా నలుగురూ గాలి తాగి బతుకుతున్నారా అండీ?" అని మర్యాదగానే అడుగుతాడు. అలా అడిగి అడిగి, మీటరుకి దొరక్కుండా వేసుకున్న దొంగ పైపులు ముప్ఫై నాలుగు పట్టుకున్నాడు. ఆ సంఖ్య ఎవరూ అడక్కపోయినా చెబుతాడు.

ఇంట్లో ఉండేది ఆయన, ఆయనకన్నా ఆరేళ్ళు పెద్దదైన అక్క, దొర. అక్క ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని కర్టెన్లూ స్కూలు యూనిఫారాలూ కుడుతుంది. దొర పదకొండేళ్ళ బూడిదరంగు పిల్లి. మిషను బల్ల మీద, కుట్టాల్సిన గుడ్డల మీదే పడుకుంటాడు. అక్క తిడుతుంది, దొర వినడు. ఇద్దరికీ అది రోజువారీ కార్యక్రమం.

దొర నీళ్ళ గిన్నె పొద్దున నింపితే సాయంత్రానికి ఖాళీ అవుతోందని మొదట గమనించింది మీటరాయనే. గిన్నె కారుతోందనుకుని కింద కాగితం పరిచాడు. కాగితం తడవలేదు. ఎండకి ఆవిరవుతోందేమోనని అలాంటిదే ఇంకో గిన్నె నింపి, దొర ఎక్కలేనంత ఎత్తున బీరువా మీద పెట్టాడు. రోజుకి ఒక చెంచాడు తగ్గింది, అంతే. ఇక మిగిలింది పిల్లి కడుపే. కొలపాత్రతో కొలిచి డైరీలో రాశాడు. మూడు వందల మిల్లీలీటర్లు. మర్నాడు మూడు వందల ఇరవై. దొర మూత్రం పోసే ఇసుక పెట్టె ఎత్తబోతే తడి సిమెంటు తట్టలా ఉంది. తిండి ఎప్పటిలాగే తింటున్నాడు, వెన్నెముక మాత్రం చేతికి తగులుతోంది.

పశువుల డాక్టరమ్మ మాట పొదుపు మనిషి. రక్తం తీసి చూసి, "షుగరు" అంది.

"వీడికా? మిఠాయి ముక్క ఎరగడమ్మా వీడు!" అంది అక్క.

"మిఠాయి ఎందుకండీ, మీరు పెట్టే ఎండు తిండి గుళికల నిండా పిండే. ఒంట్లో ఎక్కువైన చక్కెర మూత్రంలో పోతుంది. పోతూ పోతూ నీళ్ళని కూడా లాక్కుపోతుంది. అందుకే ఆ దాహం. నీళ్ళు తాగనివ్వండి, ఆపకండి."

రోజుకి రెండుసార్లు, పన్నెండు గంటల తేడాతో, తిన్నాక రెండు యూనిట్ల ఇన్సులిన్ అని రాసింది. గుళికలు మెల్లగా మాన్పించి డబ్బా తిండికి మార్చమంది. అదీ ముద్దలా ఉండే రకం, గ్రేవీ వద్దు. ఆ గ్రేవీ చిక్కబడేది పిండితోనే. "తిండిలో చిన్న మార్పు చేసినా ఆ రోజే నాకు ఫోన్ చెయ్యండి. మందు కొలత తిండిని బట్టి ఉంటుంది. షుగరు ఇలాగే ఉంటే వెనక కాళ్ళు పడిపోతాయి. ఆ తర్వాత ప్రాణం మీదికి వస్తుంది" అని చెప్పి ఇంకో పిల్లిని లోపలికి పిలిచింది.

అక్కణ్ణుంచి మొదలయ్యాయి మీటరాయన కష్టాలు. దుకాణంలో ఒక గోడంతా డబ్బాలే. ఒకే కంపెనీ, ఒకే చేప బొమ్మ, ఒకే రంగు. ఏది ముద్దో ఏది గ్రేవీయో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. పిండి ఎంతుందో ఏ డబ్బా మీదా లేదు. మాంసకృత్తులు ఇంత, కొవ్వు ఇంత, పీచు ఇంత, ఖనిజాల బూడిద ఇంత, నీళ్ళు ఇంత అని మాత్రం ఉంది. అన్నీ కూడి వందలోంచి తీసేస్తే మిగిలేదే పిండి అని డాక్టరమ్మ దగ్గర పనిచేసే నర్సు చెప్పింది. ఆ లెక్క ఆయనకి కొట్టిన పిండే. ట్యాంకు నుంచి వదిలిన నీళ్ళలోంచి మీటర్లలో కనబడిన నీళ్ళు తీసేస్తే మిగిలేదాన్ని శాఖలో లెక్కకు రాని నీళ్ళంటారు. భూతద్దం పట్టుకుని దుకాణం నడవా మధ్యలో నిలబడి కూడాడు. ముద్ద డబ్బాలో లెక్కకు రానిది అర శాతం. గ్రేవీ డబ్బాలో అయిదున్నర.

"రెండూ ఒకటే సార్. దాంట్లో కాస్త పులుసెక్కువ, అంతే" అన్నాడు దుకాణదారు.

"ఒకటే అయితే రెండు రకాలెందుకు చేశారయ్యా?"

"అది కంపెనీని అడగాలి సార్."

దొర ముద్దని వాసన చూసి, నేలని కాలితో గీకి, కప్పెట్టినట్టు నటించి వెళ్ళిపోయాడు. రెండు రోజులు ఆ నాటకం నడిచింది. గుళికల్లో కొంచెం కొంచెం కలిపి, వెచ్చచేసి, వేలితో మూతికి రాసి, పన్నెండో రోజుకి పూర్తిగా ముద్ద మీదికి తెచ్చారు. మీటరాయన మోచేతుల దాకా చేప వాసనే. ఆఫీసులో పక్క బల్ల మనిషి కుర్చీ జరుపుకున్నాడు.

అప్పుడు గిన్నెలో అంకె పడిపోవటం మొదలైంది. నూట తొంభై. నూట పది. అరవై.

వేరే ఎవరైనా అయితే సంతోషించేవారు. మీటరాయన తిరిగే వీధుల్లో అలా పడిపోయిన అంకెకి రెండే అర్థాలు. మీటరన్నా చచ్చింది, లేదా ఎక్కడో రెండో పైపుంది. బాత్రూము తలుపు మూశాడు, బకెట్లు బోర్లించాడు, పూలకుండీల కింది పళ్ళేలు తుడిచాడు. కిటికీ మూసి, దొర కింది వాటాకి వెళ్ళకుండా చూశాడు. అంకె పెరగలేదు. రెండో పైపు లేదు. అంటే నీళ్ళు లోపలికి వెళ్ళటం లేదన్నమాట.

"ఎండిపోతున్నాడే అక్కా. తాగమంది కదా డాక్టరమ్మ!"

"బాగానే ఉన్నాడు కదరా. నిన్న కిటికీ ఎక్కి పావురాన్ని తిట్టాడు కూడా."

"అరవై మిల్లీలీటర్లు! పిచ్చుకకి కూడా చాలవు."

"పిచ్చుక ఎంత తాగుతుందో కూడా కొలిచావా?"

మీటరాయన వినలేదు. దాహం తగ్గటమే తాము కోరుకున్నదన్న సంగతి ఆ అంకె ముందు ఆయనకి గుర్తు రాలేదు. ఆ శనివారం దుకాణంలో ముద్ద డబ్బాలు తక్కువొచ్చాయి. చేతిలో గ్రేవీ డబ్బా ఊపితే లోపల గలగలమంది. ద్రవం కదా, ఆ రకంగానైనా నాలుగు చుక్కలు కడుపులోకి పోతాయనుకున్నాడు. అయిదున్నర శాతం ఆయనకి గుర్తుంది. మందు వేస్తూనే ఉన్నాం కదా, సగం ముద్ద సగం గ్రేవీ అయితే ఏం కాదులే అని తనకి తానే నచ్చజెప్పుకున్నాడు. ఫోన్ చెయ్యలేదు. అదే కంపెనీ, అదే చేప. ఇది మార్పు కిందికి వస్తుందని ఆయనకి తట్టలేదు.

వారం తిరగకుండా గిన్నె మళ్ళీ రెండు వందలు చూపించింది. మీటరాయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. మీటరు బాగుపడిందనుకున్నాడు.

తర్వాతి పరీక్షలో షుగరు పెరిగి ఉంది. "తిండి ఏమన్నా మార్చారా?" అని డాక్టరమ్మ అడిగితే, "లేదమ్మా, మీరు చెప్పిన డబ్బాయే" అన్నాడు. ఆమె మందు మూడు యూనిట్లకి పెంచింది. మరో పది రోజులకి దొర నడక మారింది. వెనక కాళ్ళు పాదాల మీద నిలవక, మడమలు నేలకి ఆనించి, ముసలివాడు చెప్పులీడ్చినట్టు నడిచాడు. మిషను బల్ల కింద నిలబడి పైకి చూశాడు, ముందు కాళ్ళు ఎత్తాడు, దించాడు. మళ్ళీ ఎత్తలేదు.

అక్క పెడల్ తొక్కటం ఆపేసింది. మీటరాయన మొహం ఎర్రబడింది.

"నిజం చెప్పు. గుళికలు పెడుతున్నావు కదూ?"

"ఏంట్రా?"

"నేను పొద్దున పోతే సాయంత్రం వస్తాను. మధ్యలో ఈ ఇంట్లో ఉండేది నువ్వూ వాడూ. సూది పడుతోంది, డబ్బా పడుతోంది, అయినా షుగరు పెరుగుతోందంటే ఎక్కడో దొంగ పైపుందన్నమాటే. ముప్ఫై నాలుగు పట్టుకున్నవాణ్ణి, నాకు తెలీదా?"

అక్క ఆయన వైపు తిరిగింది. "ముప్ఫై అయిదోది నేనా?" అని మాత్రం అడిగి మళ్ళీ మిషను తిప్పింది. ఆ రోజు నుంచి మాట లేదు. అన్నం వడ్డించి గిన్నె చప్పుడుతో పిలిచేది. మీటరాయన గుళికల కోసం అలమరలు వెతికాడు, మిషను డ్రాయరు వెతికాడు. బొత్తాలు దొరికాయి.

మూడో రోజు కాళ్ళ సంగతి ఫోన్లో విని, పిల్లి తినేవన్నీ సంచిలో వేసుకుని వెంటనే రమ్మంది డాక్టరమ్మ. మీటరాయన డైరీ పట్టుకున్నాడు. అక్క ఎవరూ పిలవకుండానే చెప్పులేసుకుని, పెద్ద గుడ్డసంచితో వెనకాలే నడిచింది.

మీటరాయన డైరీ తెరిచి చూపించాడు. "చూడండమ్మా, నీళ్ళు అరవైకి పడిపోతే కంగారుపడి మళ్ళీ రెండు వందలకి తెచ్చాను."

"ఎలా తెచ్చారు?"

అక్క సంచి బల్ల మీద బోర్లించింది. ఖాళీ డబ్బాలు. కడిగి, తుడిచి, బొత్తాలకి, హుక్కులకి, సూదులకి ఆవిడ దాచుకున్న డబ్బాలు. లేబుళ్ళు ఊడలేదు. డాక్టరమ్మ వాటిని రెండు వరసలుగా పేర్చింది. ముద్దవి పద్నాలుగు, గ్రేవీవి పదమూడు.

"ఇవెవరు పెట్టారు?"

"మా ఇంట్లో డబ్బా మూత తీసే అధికారం నాకు లేదమ్మా. అది మా తమ్ముడి శాఖ" అంది అక్క. మూడు రోజుల్లో తమ్ముడి గురించి ఆవిడ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

డాక్టరమ్మ ముద్ద డబ్బా ఒకటి తీసి మీటరాయన ముందు పెట్టింది. "దీంట్లో నీళ్ళెంత శాతమో చదవండి."

"ఎనభై రెండు."

"రోజుకి మూడు డబ్బాలు, ఒక్కోటి ఎనభై అయిదు గ్రాములు. ఎన్ని నీళ్ళు?"

ఆయన పెదాలు కదిలాయి. రెండు వందల పైనే. గిన్నెలోని అరవైకి అవి కలుపుకోవాలి. ఎండు గుళికల్లో తడి లేదు కాబట్టి అప్పట్లో వాడు తాగిందంతా గిన్నెలో కనబడింది. ముద్దకి మారాక నీళ్ళు తిండితోనే కడుపులోకి పోతున్నాయి. రెండో పైపు కోసం ఇల్లంతా వెతికినవాడు, రోజూ తన చేత్తో మూత తీస్తున్నదాన్ని వదిలేశాడు. ముప్ఫై నాలుగు ఇళ్ళవాళ్ళు గుమ్మాల్లో నిలబడి నవ్వుతున్నట్టనిపించింది.

"దాహం తగ్గిందంటే వాడు బాగుపడుతున్నట్టు. మీరు గ్రేవీ పెట్టి జబ్బుని వెనక్కి తెచ్చి, దాహం పెరిగిందని సంతోషించారు" అంది డాక్టరమ్మ. గొంతు పెంచలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. "మీరు అదే తిండి అన్నారని నేను మందు పెంచాను. ఏ పొద్దునో గ్రేవీ దొరక్క ముద్ద ఒక్కటే పెట్టి, ఈ మూడు యూనిట్లూ పొడిచేసుంటే షుగరు మరీ కిందికి పడి అక్కడే పోయేవాడు."

ముద్ద ఒక్కటే, మందు తిరిగి రెండు యూనిట్లు, నాలుగు రోజులకోసారి పరీక్ష. కాళ్ళు తిరిగి వస్తాయా అని అక్క అడిగింది. రావచ్చు, నెలలు పట్టచ్చు, రాకపోవచ్చు కూడా అని డాక్టరమ్మ చెప్పింది. అబద్ధం చెప్పే అలవాటు ఆమెకి లేదు.

ఆ తర్వాత ఏదీ తేలిగ్గా జరగలేదు. దుకాణంలో ముద్ద డబ్బాలు మళ్ళీ అయిపోయాయి. పని దిగాక మీటరాయన నాలుగు వీధులు తిరిగి, నాలుగో దుకాణంలో తెచ్చేవాడు. గ్రేవీ రుచి మరిగిన దొర మళ్ళీ నేల గీకే నాటకం మొదలుపెట్టాడు. గిన్నె అంకె నూట నలభై, తొంభై, యాభై అని దిగుతుంటే ఆయన రెండోసారి కొలిచి చూసుకునేవాడు. నోరు మూసుకుని రాశాడు. డైరీలో పక్కన ఇంకో గడి గీసి డబ్బాలోని నీళ్ళు కూడా రాశాడు. మందు ఒక యూనిటుకి దిగింది.

రెండో నెల చివర ఒక సాయంత్రం ఆయన డబ్బాల సంచితో వచ్చేసరికి, దొర నేల మీంచి స్టూలు మీదికి, స్టూలు మీంచి మిషను బల్ల మీదికి ఎక్కి, సగం కుట్టిన యూనిఫారాల మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ కాలు ఇంకా కొంచెం పక్కకే పడుతోంది.

"చూడు నీ దొర, రేపు ఇవ్వాల్సినవి! దించు వాణ్ణి" అంది అక్క. ఆవిడా దించలేదు, ఈయనా దించలేదు.

మీటరాయన వంటింట్లోకి వెళ్ళి పొద్దుటి ఖాళీ డబ్బాని సబ్బు పెట్టి కడిగాడు. ఇన్నాళ్ళలో ఆయన డబ్బా కడగటం అదే మొదలు. తుడిచి తెచ్చి అక్క ముందు పెట్టాడు.

అక్క దాన్ని తిప్పి వాసన చూసింది. "ఏంటిది? క్షమాపణా, డబ్బానా?"

"డబ్బా."

"అడుగున ఇంకా చేప వాసనొస్తోంది. మళ్ళీ కడిగి తీసుకురా."

ఆయన డబ్బా పట్టుకుని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాడు.