మూడు వేళ్ల మీద గిన్నె

చైనాలో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌దెజెన్‌లో బట్టీల వీధి చివరింట్లో వాన్‌జెన్ రోజూ పొద్దున జావ తాగాక రెండు గిన్నెలు కడిగేది. ఆమెదొకటి, మొగుడు షావోతాంగ్‌ది ఒకటి. కడిగిన తన గిన్నెను అతను అందుకుని, అన్నం తినే జంటపుల్లల్లో ఒకదానితో అంచు మీద టింగుమనిపించేవాడు.

"అడుక్కునేవాళ్లలా ఆ వాయింపేంటి?" అని ఆమె కసిరేది.

"పలికితే గిన్నె చిట్లలేదన్నట్టేనే!" అనేవాడు.

ముప్పై ఎనిమిదేళ్లు పింగాణీ మీద నీలం నింపిన మనిషి. గీతలు ఒకరు గీస్తే, వాటి మధ్య రంగునీళ్లు ఇతను నింపేవాడు. తన గిన్నె మీది రొయ్య బొమ్మకు మాత్రం గీత, నీలం రెండూ అతనివే. వసంతంలో అతను పోయాక అందులో ఎవరూ తినలేదు. అయినా ఆమె రోజూ కడుగుతూనే ఉంది. వాయించేవాళ్లే లేరు.

ఓ రోజు ప్రదర్శనశాల నుంచి యింగ్యా అనే పిల్ల వచ్చింది. "పెద్దమ్మా, హాలండ్‌లో డెల్ఫ్ట్ అని ఓ పాత ఊరుంది. మనలాగే నీటి ఒడ్డున బట్టీలు. మన పింగాణీ ఓడల్లో అక్కడికి చేరని కాలంలో మన నీలం చూసి వాళ్లూ చేసుకున్నారు. రెండు ఊళ్ల గిన్నెలూ పక్కపక్కన పెడుతున్నాం. పెదనాన్న గిన్నె నెల రోజులు ఇస్తారా?"

పక్కింటి హౌ వదిన గుమ్మంలోంచే అందుకుంది. "నకళ్లకు మన ఊరు పుట్టిల్లయితే ఆ ఊరు మెట్టినిల్లన్నమాట! ఇవ్వకు వాన్‌జెన్. వెళ్లేది ఒకటి, తిరిగొచ్చేది ఒకటి. ఈ ఊళ్లో గిన్నె అడుగుకి టీ నీళ్లు పూసి ముసలితనం కూడా తెస్తారు."

ఆయన పేరు రాసి పెడతామని పిల్ల అన్నాక వాన్‌జెన్ ఇచ్చేసింది. ఇచ్చిన క్షణం నుంచి అనుమానం పట్టుకుంది.

రోజూ కూరలబుట్టతో వెళ్లి అద్దాల పెట్టె ముందు నిలబడేది. రొయ్య మీసం చివర నీలం, ఆయన నింపినట్టే, గీత దాటి కాస్త పొంగి ఉంది, నిజమే. కానీ ఆ పొంగును కూడా అచ్చుగుద్దినట్టు దించలేని చెయ్యి ఈ ఊళ్లో ఉందా? పక్కనున్న డెల్ఫ్ట్ గిన్నె అంచు పెచ్చులూడి లోపల పసుపు మట్టి కనిపిస్తోంది. కింద దీపం వెలిగిస్తే షావోతాంగ్ గిన్నెలోంచి వెలుగు వస్తుంది, దానిలోంచి రాదు. తెల్లమట్టి దొరకని ఊరు, సున్నం కొట్టిన గోడలా తెల్లపూత పూసుకుంది. దాన్ని చూసి ఆమెకు జాలేసింది. ఆ గిన్నె తనేమిటో దాచుకోలేదు. తన గిన్నే నోరు విప్పడం లేదు.

నెల తిరిగాక యింగ్యా పెట్టె తెరిచి గిన్నె అందించింది. వాన్‌జెన్ దాన్ని ఒక చేత్తో గుండెకు అదుముకుని, బుట్టలో తెచ్చుకున్న తినే పుల్లతో అంచు మీద కొట్టింది. థప్పుమంది.

"మార్చేశారు!" ఆమె గొంతు హాలంతా వినబడింది. "మట్టిగిన్నెలా మోగుతోంది. నా ఇంట్లోది ఏదీ?"

"ఒట్టు పెద్దమ్మా, తాళం నా దగ్గరే ఉంది!" పిల్ల మొహం పాలిపోయింది.

గుమ్మం దగ్గరి ముసలి కాపలావాడు ఒకప్పుడు బట్టీ పేర్చినవాడు. నవ్వుతూ వచ్చాడు. "చెల్లెమ్మా, గొంతు పట్టుకుంటే ఎవరు పాడతారు? వదులు. ముందు వదిలి చూడు. మీ ఆయన ఎలా పట్టుకునేవాడు?"

వాన్‌జెన్‌కు గుర్తొచ్చింది. మూడు వేళ్ల కొసల మీద. ఇన్నేళ్లూ చూసింది గాని, ఒక్కసారీ తను పట్టి వాయించలేదు.

భయపడుతూనే వేళ్లు సడలించి, గిన్నె అడుగును మూడు కొసల మీద నిలబెట్టి, మళ్లీ తట్టింది.

టింగ్... రోజూ పొద్దున విన్న ఆ మోతే.

"నిన్ను దొంగని చేశాను," అంది యింగ్యాతో.

"ఈ ఊళ్లో పుట్టాక ఆ మాట మామూలేలే పెద్దమ్మా," అంది ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు పొద్దున వాన్‌జెన్ జావ ఆ రొయ్యగిన్నెలోనే పోసుకుని, ముల్లంగి ఊరగాయతో తాగింది. తన పాత గిన్నెను కడిగి బోర్లించింది. రొయ్యగిన్నెను మాత్రం, అంచున ఎండుతున్న జావతోనే, రోజూ వాడే గిన్నెలా బల్ల మీద వదిలేసి కూరలకు వెళ్లింది.