మూడు రాజులు వచ్చిన మధ్యాహ్నం

బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో నేను స్టోర్సు చూస్తాను. కాయల కాలంలో ఊపిరాడదు. అది అయిపోయాక పని పల్చబడుతుంది. అప్పుడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఖాళీ డ్రమ్ముల షెడ్డులో నలుగురం చేరి మూడు ముక్కలాట ఆడేవాళ్లం. బాయిలరు చూసే పెద్దాయన, ఎలక్ట్రీషియను, వ్యాను డ్రైవరు, నేను. పెద్దాయనను అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. పందెం పది రూపాయలతో మొదలు. ఎవరి కొంపా మునిగే ఆట కాదు.

షెడ్డు వెనక గుంతలో పారబోసిన మామిడి తొక్కలు ఇంకా పులుస్తూనే ఉండేవి. ఆ కంపుకు ఈగలు ముసిరి ముక్కల మీదా, చేతుల మీదా, పెదవుల మీదా వాలేవి. తోలుకుంటూ ఆడేవాళ్లం.

నాకొక జబ్బు ఉండేది. మంచి ముక్కలు పడగానే ఆగలేక పందెం పెంచేసేవాణ్ణి. వెంటనే మిగతా ముగ్గురూ ముక్కలు పడేసి తప్పుకునేవాళ్లు. మొదట అందరం వేసిన నలభై రూపాయలే నాకు దక్కేవి.

"నీ మొగం సూస్తే సాలు సామీ, ముక్కలు తిప్పి సూపించినట్టే ఉంటాది," అని ఎలక్ట్రీషియను ఎగతాళి చేసేవాడు. పైకి నవ్వేవాణ్ణి, లోపల మండేది. ఎప్పుడు పెంచాలి, ఎంతసేపు ఓపిక పట్టాలి అని బస్సులో కూర్చుని కూడా అదే ఆలోచన. తల నెరిసిన మనిషికి ఉండాల్సిన ఆలోచనేనా అది!

ఆ రోజు అన్నం తింటుండగా నా భార్య ఫోన్ చేసింది. అమ్మకు పక్షవాతం వచ్చి అప్పటికి ఐదు నెలలు.

"పొద్దున్నుంచి అత్త నీళ్లు గూడా మింగలేదు. నోట్లో పోస్తే పక్కకి కారిపోతా ఉండాయి. నువ్వు రాకూడదా?" అంది.

సాయంత్రం వస్తానన్నాను. చేయి కడుక్కుని షెడ్డుకు పోయాను.

మూడో ఆటలో నా ముక్కలు ఎత్తి చూసుకుంటే మూడూ రాజులే. వాటిని కొట్టాలంటే ఎదుటివాడికి మూడు ఆసులు పడాలి. ఈసారి మాత్రం పెంచలేదు. అందరితో పాటు పది రూపాయలు వేసి, ముక్కలు బోర్లా పెట్టి, గట్టిగా నిట్టూర్చాను.

డ్రైవరు తప్పుకున్నాడు. బాయిలరు అన్న నా వైపు చూశాడు.

"ఏమప్పా, ఇంట్లో అందురూ బాగుండారా?"

"అమ్మకి ఈ పొద్దు నీళ్లు గూడా దిగలేదంట అన్నా," అన్నాను గొంతు తగ్గించి.

అది నిజమే. కానీ అప్పటిదాకా ఎవరికీ చెప్పని ఆ మాటను, చేతిలో మూడు రాజులు ఉన్నాయి కాబట్టే అప్పుడు చెప్పాను. నా మొహంలో సంతోషం కనబడకుండా కప్పుకోవడానికి నీళ్లు మింగలేని అమ్మ నోరు పనికొచ్చింది.

"ఆట నిలిపేద్దామా?" అన్నాడాయన.

"వద్దన్నా. ఆడతా ఉంటే మనసు కొంచెం మళ్లుకుంటాది."

నేను దిగులుతో ఉన్నాననుకుని, ధైర్యం వచ్చి ఎలక్ట్రీషియను యాభైకి పెంచాడు. నేనూ వేశాను. అన్న కూడా వేశాడు. అప్పుడు నూరు చేశాను, ఏం చేస్తున్నానో నాకే తెలియనట్టు నోటు విసిరి. ఎలక్ట్రీషియను ఒకసారి వేసి, మరుసటి చుట్టుకు వెనక్కి తగ్గాడు. అన్నా నేనూ మిగిలాం.

అప్పుడు ఆయన ఎవరూ చేయని పని చేశాడు. తన ముక్కలు నా వైపు తిప్పాడు. ఆటీను ఏడు, ఎనిమిది, తొమ్మిది.

"సూడప్పా, నా దగ్గర గట్టి ముక్కలుండాయి. నీ మనసు ఈడ లేదు. పడేసి ఇంటికి పో. నువ్వేసిన దుడ్లు నీకిచ్చేస్తా."

అక్కడైనా ఆగి ఉండాల్సింది. నా రాజుల ముందు ఆయన వరస నిలవదని తెలిసి కూడా, "పోతే పోనీలే అన్నా," అని ఇంకో రెండు వందలు వేశాను. నన్ను ఆపాలనే ఆయన తన వంతు వేసి, ముక్కలు తిప్పమని షో అడిగాడు. మూడు రాజులనూ పరిచాను.

ఎలక్ట్రీషియను తొడ చరుచుకుని నవ్వాడు. "అబ్బా! ఏం నటన సామీ! కండ్లల్లో నీళ్లు గూడా తెప్పించినావు గదా!"

అన్న నవ్వలేదు. రాజుల వైపు చూసి, మెల్లగా అడిగాడు.

"అమ్మ సంగతి గూడా ఆటలో మాటేనా?"

"కాదన్నా. నిజమే."

"నిజమైతే ఇంటికి పోయుండాల గదప్పా."

లేచి వెళ్లిపోయాడు. మధ్యలో పడి ఉన్న నోట్ల మీద ఈగలు వాలాయి. వాటిని తోలి, నోట్లు ఏరి జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం ఇంటికి చేరేసరికి పక్కింట్లో ఉండే నర్సు వచ్చి అమ్మకు సెలైను ఎక్కిస్తోంది. గండం గడిచింది. జరిగిందంతా నా భార్యకు చెప్పాను. చెబితే బరువు తగ్గుతుందనుకున్నాను. ఆమె "ఛీ" అని, అమ్మ తువ్వాలు తీసుకుని ఉతకడానికి పోయింది.

మర్నాడు పొద్దున్నే బాయిలరు గదికి వెళ్లి క్షమించమని అడిగాను. ఆయన వేసిన డబ్బు ముందు పెట్టాను. తాకలేదు.

"నాకేం కోపం లేదప్పా," అన్నాడు నీటి మట్టం చూపే గేజి అద్దం తుడుస్తూ. "ఇంకోసారి నువ్వు దిగులుగా వస్తే నేనేమనుకోవాల్నో నాకు తెలీదు. అంతే."

ఆయన రెండో అద్దం తుడవడం మొదలుపెట్టాడు.