ఎడమ చక్రం బోల్టులు

ఏళ్ల తరబడి ఒక భయాన్ని మోస్తున్నాను. దయ్యాలు లేవని ఊరూరా మైకు పట్టుకుని చెప్పినవాణ్ణి నేను. శ్మశానంలో పడుకుని చూపించినవాణ్ణి. అలాంటి నాకు రోడ్డు మీద ఎక్కడైనా బ్రేకు కీచుమంటే ఇప్పటికీ నోరు ఎండిపోతుంది. ఎందుకో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీకు చెబుతాను. మీరు నన్ను ఎరగరు కనుక చెప్పగలననుకుంటున్నాను. ఇది కూడా పిరికితనమేనేమో.

విజయనగరంలో మా పెరట్లో పాత కాంటెస్సా కారు ఒకటి ఉండేది. దాని పనులన్నీ నేనే చేసుకునేవాణ్ణి. మెకానిక్కు దగ్గరకు తీసుకెళ్లడం నాకు చిన్నతనం. చదివి తెలుసుకుంటే మనిషి చేయలేనిది లేదని రాసినవాణ్ణి, చేసి చూపించాలి కదా.

ఆ రోజు ముందు చక్రాల డిస్కులు, బ్రేకు ప్యాడ్లు మారుస్తున్నాను. అక్క, బావ గజపతినగరం దగ్గర తమ ఊరి నుంచి వచ్చి ఉన్నారు. పని అయ్యాక వాళ్లను అదే కారులో దిగబెట్టాలి. కుడివైపు పూర్తి చేశాను. ఎడమవైపు కొత్త డిస్కు ఎక్కించాను. దాన్ని రెండువైపులా నొక్కిపట్టే కాలిపర్‌ను తెచ్చి, దాని రెండు బోల్టులను వేళ్లతో తిప్పి నిలబెట్టాను. ఇక పానాతో గట్టిగా బిగించాలి. పానా చేతిలోకి తీసుకున్నాను కూడా.

అప్పుడే అక్క నిమ్మకాయల సంచితో వచ్చింది.

"ఒరే, పనయ్యాక సక్రాల కింద నిమ్మకాయలు పెడతాను. తొక్కించి బండి తియ్యండి."

"ఎందుకు?" అన్నాను.

"ఎందుకేటిరా? ఇనప పని చేసిన బండి. దిష్టి పోద్ది."

"అక్కా, బండిని ఆపేది రాపిడి. ఈ ప్యాడ్లు డిస్కుని పట్టుకుంటాయి, చక్రం ఆగుతాది. మధ్యలో నీ నిమ్మకాయ చేసేదేటి?"

"ఏటీ సెయ్యకపోతే తొక్కించడానికి నీకేటి బాధ?"

మంచి ప్రశ్న. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడు మాత్రం లేచి నిలబడ్డాను. చేతిలోని పానాను మైకులా పట్టుకున్నాను. కారణం లేనిదే ఏదీ జరగదని మొదలుపెట్టి, భయం నుంచి దిష్టి ఎలా పుట్టిందో, దిష్టి మీద ఎవరు బతుకుతున్నారో, మొత్తం చెప్పాను. గట్టు మీద కూర్చున్న బావ పడీపడీ నవ్వాడు.

"ఒసే, మీ తమ్ముడు నిమ్మకాయకి కూడా లెక్చర్ ఇస్తన్నాడు. దానికి పులుపు దిగిపోనాది సూడు!"

అక్కకూ నవ్వొచ్చింది. "సాల్లేరా బాబూ, నీతో నేను గెలవలేను. మీటింగయిపోతే సక్రం ఎక్కించు, ఎండెక్కిపోతన్నాది."

గెలిచాను. ఆ ఊపులోనే చక్రం ఎక్కించాను. పెడల్‌ను పదేపదే తొక్కి గట్టిపడిందని చూసుకున్నాను. వీధి చివరిదాకా నడిపాను. చక్కగా ఆగింది. ఆగుతుంది మరి, బోల్టులు ఊడడానికి కొంత దూరం కావాలి.

ఆ కారంటే బావకు ముచ్చట. తానే నడుపుతానన్నాడు. నేను పక్కన, అక్క వెనక. ఊరు దాటాక ఎడమవైపు నుంచి టకటకమని శబ్దం. రాయి తగిలిందనుకున్నాను. అనుకున్నానా? లేక అప్పటికే తెలిసిందా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఈ ఒక్కదానికి నా దగ్గర నిజమైన జవాబు లేదు. గడ్డిమోపుతో ఒకామె రోడ్డు దాటుతోంది. బావ బ్రేకు తొక్కాడు. చక్రంలో ఇనుము ఇనుమును నమిలిన చప్పుడు. పెడల్ నేలకు తగిలింది. "ఒరే, ఆగట్లేదురా!" అన్నాడు. ఆమె ముఖం నాకు కనిపించింది. అంత దగ్గర. బావ స్టీరింగు పూర్తిగా తిప్పేశాడు. తాటిచెట్టు.

ఆమెకు ఏమీ కాలేదు. అక్కకు, నాకు గీతలు పడ్డాయి. బావ కుడి మోకాలు నుజ్జయింది.

జనం బావను బయటకు లాగుతున్నారు. నేనూ లాగాలి. నేను చక్రం దగ్గర వంగాను. కాలిపర్ వేలాడుతోంది. ఒక బోల్టు లేదు. రెండోది సగం ఊడి ఉంది. విరగలేదు, చక్కగా ఉంది. వేళ్లతో తిప్పితే వచ్చేసింది. దాన్ని పక్కనున్న కాలవలోకి విసిరాను. ఆ తర్వాతే బావ చెయ్యి పట్టుకున్నాను. అడిగినవాళ్లందరికీ పాత బండి, ఏదో విరిగిందని చెప్పాను.

ఆసుపత్రి వరండాలో అక్క అంది: "నిమ్మకాయలు సంచిలోనే ఉండిపోనాయిరా. నువ్వు నవ్వించావు, నేను నవ్వేశాను. తప్పు నాదేరా."

ఎదురుపడిన ప్రతి మూఢనమ్మకాన్నీ ఖండించినవాణ్ణి, ఆ ఒక్కదాన్ని వదిలేశాను. నన్ను కాపాడుతోంది గనుక వదిలేశాను. నిమ్మకాయ మీద నమ్మకంతో బతికేవాళ్లను వేదికలెక్కి తిట్టాను కదా. వాళ్లకూ నాకూ తేడా ఏమిటి? వాళ్లు నమ్మారు. నేను నమ్మకుండానే వాడుకున్నాను.

బావ మళ్లీ పొలంలో దిగలేదు. బురదలో ఆ కాలు నిలవదు. అక్క అరసవల్లి సూర్యుడికి మొక్కుకుంది. ఆదివారాలు ఉప్పు లేని కూడు, ఒంటిపూట. తన కోసం కాదు, దేవుణ్ణి ఎగతాళి చేసిన తమ్ముణ్ణి తాను నవ్వి వదిలేసింది గనుక, వాడి నోటి దోషం పోవడానికట. ఈమధ్య అలాంటి ఒక ఆదివారం కళ్లు తిరిగి పడిపోయింది. ఉపవాసాలు మానకపోతే ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పాడు. మాననంది. "నేను మానేస్తే వాడికేటవుద్దో" అందట.

నాకేమీ కాదు అక్కా అని చెప్పడానికి వెళ్లాను. గుమ్మంలో బావ కర్ర ఆనించి ఉంది. మంచినీళ్లు తాగి వచ్చేశాను.

ఏమిటి నా భయం? కొడతారనా? కొట్టరు. తప్పు తనదనుకుని ఇన్నేళ్లు కడుపు మాడ్చుకున్న మనిషికి, అది నీది కాదని చెప్పాక, ఆమె నా ముఖంలోకి చూస్తుంది. ఆ చూపు. అంతే.

అందుకే పత్రికకు రాస్తున్నాను. పేరు పెట్టలేదు. కాని కారు పేరు, రోడ్డు, తాటిచెట్టు దాచలేదు. బావ వరండాలో కూర్చుని చేతికొచ్చిన కాగితమల్లా చదువుతాడు, అక్కకు వినిపిస్తాడు కూడా. ఇది వాళ్లదాకా వెళ్తుంది. వెళ్లాలనే రాశాను. క్షమించమని అడగను. అడిగితే ఆమె క్షమిస్తుంది, అదీ నా లెక్చర్లకు నవ్వినట్టే నవ్వి. ఆ సుఖం నాకు వద్దు.

ఆ బోల్టులు నేనే బిగించలేదు. ఈ వాక్యం రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను. అక్షరాలు మాత్రం చదవడానికి వీలుగానే వచ్చాయి.