మాణెమ్మ చిన్నమ్మ విత్‌డ్రా కాలేదు

పొద్దున్నుంచి మా గల్లీలో ప్రచారపు ఆటో తిరుగుతోంది. "మన అన్న సతీమణిని భారీ మెజారిటీతో గెలిపించండి" అని మైకు చెవులకు చిల్లులు పొడుస్తోంది. అన్న పేరు పదేపదే వస్తోంది, ఆ ఇల్లాలి పేరు మాత్రం రాదు. వెనక ఫ్లెక్సీలో అన్న నిలువెత్తున దండం పెడుతుంటే, ఆమె ఓ మూల తపాలా బిళ్ళంత ఉంది. ఇంతకీ పోటీ చేసేదెవరయ్యా? ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే మాణెమ్మ చిన్నమ్మ గుర్తొచ్చింది.

కోహీర్ దగ్గర మా ఊళ్ళో ఆమెది మా పక్కిల్లు. అల్లం పండించే కుటుంబం. నోరు కూడా అల్లమే. సర్పంచ్ పదవి ఆడవాళ్ళకు రిజర్వయిన ఏడాది నేను డిగ్రీ ముగించి ఇంట్లో ఉన్నాను. చిన్నమ్మ పోటీకి దిగింది. పేరు ప్రతిపాదిస్తూ నామినేషన్ మీద ప్రపోజర్‌గా సంతకం పెడతానని ఆమె మరిది ముందుకొస్తే, "నువ్వొద్దు, ఎవలు బెదిరిస్తే వాళ్ళ దిక్కు ఒరుగుతవ్" అని నాతో పెట్టించింది. కాగితం తీసుకునే గుమాస్తా తలెత్తకుండానే "మీ ఆయన ఏడమ్మా?" అన్నాడు. "అల్లం తవ్వుతున్నడు. సర్పంచ్‌కు నిలబడేది నేను గద సారూ, నన్ను చూడున్రి" అంది.

అసలు దుర్మార్గం తర్వాత జరిగింది. ఏకగ్రీవం చేస్తామంటూ ఊరి పెద్దలు వాళ్ళింటికి వచ్చి, గుమ్మంలో నిలబడ్డ ఆమెను పలకరించకుండా, "బసప్పా, మీ ఇంటామెతోని విత్‌డ్రా చేయించు, ఊరి ఇజ్జత్ కాపాడు" అని ఆమె భర్తను అడిగారు. బర్రె బేరానికి దాని యజమానిని అడిగినట్టు! మెత్తటి మనిషి బసప్ప సరేనన్నాడు. వాళ్ళు వెళ్ళాక చిన్నమ్మ కేకలెయ్యలేదు. "మాట ఇచ్చింది నువ్వు. పొయ్యి నీ మాట వాపస్ తీసుకో. నా నామినేషన్ జోలికి రాకు" అంది.

విత్‌డ్రాకు ఆఖరి రోజు మధ్యాహ్నం మూడు దాకా గడువు. "నీ సంతకం లేనిదే చెల్లదు చిన్నమ్మా" అన్నాను. "దొంగ సంతకం గీసుడు ఈళ్ళకెంతసేపే పిల్లా?" అని జొన్నరొట్టెలు మూటగట్టుకుని, నన్ను లాక్కుపోయి ఎన్నికల అధికారి ఎదుటి బల్ల మీద కూర్చుంది. భోజనాల వేళ దాటాక ఊరి పెద్ద వచ్చాడు. జేబులోంచి సగం తీసిన కాగితం ఆమెను చూడగానే మళ్ళీ లోపలికి పోయింది.

"గీడెందుకు కూసున్నవ్ మాణెమ్మా?"

"నా పేరుకు కావలి కాస్తున్న పటేలా. రా, రొట్టె తిందువు."

మూడు కొట్టాకే లేచింది. "పా, ఇగ ఓట్లడుగుదాం."

ఓడిపోయింది. ఊరంతా ఏకమై ఓడించింది. ఆ కోపం నాకింకా చల్లారలేదు. నేను ఏడుస్తుంటే ఆమే కసిరింది: "ఓడితే ఓడిన. నా పేరు మీద నేనే ఓడిన."

ఆటో మళ్ళీ వచ్చింది. వెళ్ళి దానికి అడ్డంగా నిలబడ్డాను.

"పోటీకి నిలబడ్డామె పేరేంది తమ్మీ?"

"అన్న భార్య, మేడం."

"పేరడిగిన."

మైకతను కిందికి దిగి, ఫ్లెక్సీ మూలకు వంగి, చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"నాకు కాదు, మైకుల చెప్పు" అన్నాను. చెప్పేదాకా దారి ఇవ్వలేదు.